సూదాయన బాగుచేసిన నీలం కోటు

మా వీధిలో అందరూ ఆయన్ని సూదాయన అనేవారు. అసలు పేరు నాకు తెలుసు గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయనే పలికేవాడు కాదు. నాది గుండీలు, జిప్పులు, దారాలు అమ్మే కొట్టు. నా కొట్టుకీ పక్క మేడకీ మధ్య, మెట్ల కింద మిగిలిన సందులో ఆయన కూర్చునేవాడు. లోపల ఒక బల్ల, ఒక దీపం, గోడకి నాలుగు మేకులు, వచ్చినవాళ్లకి ఒక స్టూలు. లేచి నిలబడితే తల మెట్లకి తగిలేది. అందుకే ఇరవై రెండేళ్లుగా ఈ సందులో కూర్చునే బతుకుతున్నావని ఏడిపించేదాన్ని. ఆయన నన్ను చెల్లెమ్మా అనేవాడు, నేను అన్నయ్యా అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు, గోడ ఒక్కటే ఉమ్మడి.

ఆయన పని రఫ్ఫు. అతుకు వేయడం కాదది. బట్ట లోపలి మడతలోంచి పోగులు లాగి, వాటినే సూదికి ఎక్కించి, చిరిగిన చోట ఒకటి పైకీ ఒకటి కిందికీ పోనిచ్చి, మళ్లీ నేసినట్టు కలిపేయడం. సూదులు నున్నగా జారాలని సబ్బు ముక్కలో గుచ్చి పెట్టుకునేవాడు. పని అయ్యాక బట్ట పరిచి, "ఎక్కడ చిరిగిందో కనిపెట్టండి. కనిపెడితే కూలి ఇవ్వక్కర్లేదు" అనేవాడు. జనం వెలుతురుకి పట్టి చూసేవారు, తిరగేసి చూసేవారు, పిల్లల చేత కూడా వెతికించేవారు. నేను చూసినన్నాళ్లలో ఒక్కరూ కనిపెట్టలేదు. పనివాడికి కాస్త పొగరు ఉంటుంది. ఆయనకి ఇంకాస్త ఎక్కువే ఉండేది.

ఇంకో విద్య కూడా ఉంది ఆయనకి. చిరుగు చూసి అది ఎలా చిరిగిందో చెప్పేసేవాడు. ఇది మేకు, ఇది సైకిల్ చైను, ఇది కుక్క, ఇది చంటిపిల్ల పట్టుకుని వేలాడింది అని. ఒకసారి ఒక పెద్దమనిషి భార్యతో సహా వచ్చి, కుర్చీ మేకు తగిలి ప్యాంటు చిరిగిందన్నాడు. సూదాయన వేలితో తడిమి, "కుర్చీ కాదండీ. గోడ మీద గాజు పెంకులు. దూకేటప్పుడు ఎడమ కాలు ముందు వేసుంటారు" అన్నాడు. ఆ భార్య ఏ గోడండీ అంది. ఆ పెద్దమనిషి మళ్లీ మా వీధి మొహం చూడలేదు. నోరు కాస్త అదుపులో పెట్టుకో అన్నయ్యా అంటే, "నేనేం చెప్పలేదు చెల్లెమ్మా, బట్టే చెప్పింది" అన్నాడు.

బట్టలతో అంత మాట్లాడే మనిషికి కూతురి దగ్గర మాత్రం మాట పెగిలేది కాదు. భార్య పోయేనాటికి చిన్నికి తొమ్మిదేళ్లు. జడ అల్లడం దగ్గర్నుంచి అన్నీ ఆయనే చూసుకున్నాడు. కానీ పిల్ల ఏడిస్తే ఎందుకమ్మా అని అడగడం ఆయనకి చేతకాలేదు. గౌను గుండీ వదులైందేమో చూసి బిగించేవాడు. పరీక్ష తప్పి ఇంటికొచ్చిన రోజున ఒక్క మాట అనకుండా పుస్తకాల సంచీ పట్టీకి రెండు వరసలు గట్టిగా కుట్టి పెట్టాడు. చిన్ని ఆ సంచీ తెచ్చి నాకు చూపించి, "మా నాన్న ఓదార్పు అత్తా ఇది" అని నవ్వింది. ఆ పిల్లకి తండ్రి భాష వచ్చు. అది ఒకనాడు ఆ పిల్లనే దెబ్బ తీస్తుందని నేను గానీ, ఆయన గానీ అనుకోలేదు.

చిన్ని పార్శిల్ ఆఫీసులో పనికి కుదిరింది. వచ్చిన పెట్టెలు చూసి, బాగున్నాయో పగిలాయో రాసి సంతకం పెట్టడం తన పని. వాళ్లిచ్చిన కోటు ముదురు నీలం రంగుది, మంచి ఉన్ని నేత. మొదటి రోజు సూదాయన ఆ కోటు చెయ్యి రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "బట్ట బాగుంది" అన్నాడు. కూతురికి ఉద్యోగం వచ్చినందుకు ఆయన చేసిన హడావుడి అంతే.

ఏడాది తిరక్కుండానే ఆ శనివారం వచ్చింది. అక్కడి మేనేజరు గాజు సామాను పెట్టెని చేజార్చి పగలగొట్టాడు. అది పగిలే వచ్చిందని రాయమన్నాడు. చిన్ని రాయనంది. లోపల అరల గదిలోకి రా, మాట్లాడాలి అన్నాడు. ఇక్కడే మాట్లాడండి అంది. అతను ఆ పిల్ల కుడి చెయ్యి భుజం దగ్గర పట్టుకుని లోపలికి ఈడ్చాడు, మెలిపెట్టాడు, ఇనప అరకేసి నెట్టాడు. "సంతకం పెట్టే చెయ్యి ఇదేనా?" అన్నాడట. కోటు చెయ్యి భుజం కుట్టు దగ్గర్నుంచి నాలుగు వేళ్ల పొడుగున చిరిగింది. పక్క గదిలో తూకం చూసే అతను అడుగుల చప్పుడు చేసుకుంటూ తలుపు దాకా వచ్చేసరికి మేనేజరు వదిలేశాడు.

చిన్ని ఇంటికొచ్చి కోటు విప్పి, మడత పెట్టి, ఒక సంచీలో పెట్టి మంచం కిందికి తోసింది. ఫిర్యాదు ఇవ్వాలనే నిశ్చయించుకుంది. కోటు అలాగే ఉండాలని తనకి తెలుసు. తండ్రికి చెప్పలేదు. చెబితే కంగారు పడతాడని, ముందు తూకం చూసే అతన్ని సాక్ష్యానికి ఒప్పించి, సోమవారం పొద్దున అన్నీ సిద్ధం చేసుకుని చెబుదామని అనుకుంది. ఆదివారం ఉదయం అతని ఇంటికి వెళ్లింది.

ఇంట్లో సూదాయన గది ఊడుస్తూ మంచం కింది సంచీ బయటికి లాగాడు.

ఆ ఆదివారం నా కొట్టు సగం తలుపు తీసి సరుకు సర్దుకుంటున్నాను. సెలవు రోజున ఎప్పుడూ రాని మనిషి సందులో దీపం వేసుకుని కూర్చున్నాడు. పది గంటలప్పుడు పలకరిస్తే తల ఎత్తలేదు. మధ్యాహ్నం రెండింటికి టీ పట్టుకెళితే ఆయన ఒళ్లో నీలం కోటు ఉంది. బొటనవేలంత చిరుగు మిగిలుంది, తక్కిందంతా కలిసిపోయింది. "ఏ మేకు తగిలింది అన్నయ్యా?" అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు. చిరుగు గురించి అడిగితే ఆయన జవాబు చెప్పకపోవడం అదే మొదటిసారి. నాకు అక్కడే అనుమానం రావాలి. రాలేదు. పైగా, "ఎంత బాగా కలిపావు, చెయ్యి తిరిగిన పనంటే ఇదీ" అని మెచ్చుకుని మరీ వచ్చాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా నాలుక నాకే చేదుగా ఉంటుంది.

తూకం చూసే అతన్ని ఒప్పించి సాయంత్రం చిన్ని ఇంటికి చేరేసరికి కోటు ఇస్త్రీ అయి మేకుకి వేలాడుతోంది. ఆ తర్వాత జరిగింది చిన్ని చెప్పగా విన్నాను. మంచం కిందికి వంగి సంచీ కోసం చూసిందట. లేచి కోటు చెయ్యి తిప్పి చూసిందట.

"దీన్ని ఏం చేశావు నాన్నా?"

"ఏం లేదమ్మా. బాగైపోయింది."

చిన్నికి తండ్రి భాష వచ్చని చెప్పాను కదా. ఆ రెండు మాటల్లో తనకి వినిపించింది ఇది: జరిగిందేదో జరిగిపోయింది, ఎవరికీ తెలియకుండా కప్పేశాను, నువ్వూ మర్చిపో. ఆయన మనసులో ఉన్నది అది కాదు. కూతురి ఒంటి మీద ఎవరో చెయ్యి వేసిన గుర్తు ఒక్క పూట కూడా ఇంట్లో ఉండకూడదని మాత్రమే అనుకున్నాడు. కానీ అది నోరు విప్పి చెప్పలేదు. పిల్ల ఆ కోటు కిందే నేల మీద కూలబడింది.

సోమవారం పోలీసు స్టేషన్కి నన్ను తోడు రమ్మంది. దారిలో అంతా చెప్పింది. వెనక్కి తిరిగి చూస్తే పది గజాల దూరంలో సూదాయన వస్తున్నాడు, పిలవకపోయినా.

స్టేషన్లో ముందు బల్ల దగ్గర కూర్చున్నతను చిన్నిని పైకీ కిందికీ చూసి, "దెబ్బలేవీ? రక్తం వచ్చిందా?" అన్నాడు. "వస్తే గిన్నె పట్టి తెచ్చేవాళ్లం నాయనా" అన్నాను. నా గొంతు విని లోపలి గదిలోంచి పోలీసు మేడమ్ ఒకావిడ వచ్చింది. నడివయసు మనిషి, కళ్లజోడు తాడు మెడలో వేలాడుతోంది. మమ్మల్ని లోపల కూర్చోబెట్టి నీళ్లిచ్చి, కోటు చిరగడంతో సహా జరిగింది ముందు విన్నది.

"రక్తం రావక్కర్లేదమ్మా," అంది చిన్నితో. "నీకు ఇష్టం లేకుండా పట్టి ఈడ్చినా, నెట్టినా అది దాడే. ఇప్పుడే కొడతాడని భయపడేలా చెయ్యెత్తినా చట్టం ఊరుకోదు. నువ్వు ఎదురు చెప్పావా, అరిచావా అని ఎవరైనా అడిగితే కంగారు పడకు. అరవకపోతే ఒప్పుకున్నట్టు కాదు."

చిన్ని తల ఊపింది.

"నీ మాటల్లోనే చెప్పు. ఏ రోజు, ఎన్నింటికి, నువ్వు ఎక్కడ నిలబడ్డావు, అతను ఏ చేత్తో పట్టుకున్నాడు, ఏమన్నాడు. గుర్తు లేనిది గుర్తు లేదను, కల్పించకు. రాశాక చదివి వినిపిస్తారు. తేడా ఉంటే దిద్దించాకే సంతకం పెట్టు. నకలు చేతికి రాకుండా ఇక్కణ్ణుంచి కదలకు, దాని మీద నంబరుందో లేదో చూసుకో. ఇటునుంచి ఇటే ఆసుపత్రికి వెళ్లాలి, కాగితం నేనిస్తాను. శనివారమే వచ్చుంటే ఇంకా మంచిది. ఆలస్యం ఎందుకైందో అది కూడా చెప్పు, రాయిస్తాను." అంత వరకూ చెప్పి, "ఆ రోజు వేసుకున్న బట్టలేవి? ఉతకలేదు కదా?" అంది.

చిన్ని నీలం కోటు బల్ల మీద పెట్టింది. మేడమ్ కళ్లజోడు పెట్టుకుని కోటు కుడి చెయ్యి చూసింది, ఎడమ చెయ్యి చూసింది, మళ్లీ కుడి చెయ్యి తిరగేసి చూసింది.

"చిరిగిందన్నావు?"

గుమ్మం దగ్గర్నుంచి సూదాయన గొంతు వినిపించింది. "నేనండీ... నేను బాగుచేశాను."

ఆవిడ కసురుతుందనుకున్నాను. కసరలేదు. "ఎందుకు చేశారండీ?" అంది మెల్లగా.

"నా పని అదేనండీ" అన్నాడు. తర్వాత ఏదో తట్టినట్టు ముందుకొచ్చి, "విప్పేస్తాను. గంటలో విప్పేస్తాను మేడమ్. ఎలా ఉందో అలాగే చేసేస్తాను" అన్నాడు. జేబులోంచి సబ్బు ముక్క తీశాడు, సూదులతో సహా.

"విప్పితే అది మీరు చించినట్టవుతుంది. ఇక దాన్ని ముట్టుకోకండి" అని ఆవిడ కోటుని కాగితపు కవర్లో పెట్టి సీలు వేసింది. ఆ సబ్బు ముక్క పట్టుకుని ఆయన అలాగే నిలబడిపోయాడు. నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది, దాని వెనకే ఏడుపు వచ్చింది.

ఆసుపత్రిలో చేతి మీది వేళ్ల గుర్తులు అప్పటికే పసుపు రంగుకి తిరిగాయి. కమిలిన గుర్తు ఉంది, ఎలా అయిందో చెప్పలేం అని రాశారు. మేనేజరు మీద కేసు పెట్టారు. అది కోర్టు మెట్లెక్కడానికి ఏడాదిన్నర పట్టింది. ఈలోగా తూకం చూసే అతని కూతురికి అదే ఆఫీసులో పని దొరికింది. బోనులోకి వచ్చి, నాకు అర కదిలిన చప్పుడు తప్ప ఏమీ వినపడలేదన్నాడు. చిన్ని అతని మొహంలోకే చూస్తూ కూర్చుంది. అతను మాత్రం నేల చూపులు చూశాడు.

నన్ను పిలిచారు. చిరుగు చూశానన్నాను. ఎంత చిరుగు అని అవతలి లాయరు అడిగాడు. బొటనవేలంత అన్నాను, చూసింది అంతే కాబట్టి. "బొటనవేలంత చిరుగు అరకి తగిలినా పడుతుంది కదమ్మా" అన్నాడు నవ్వుతూ. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని ఆ క్షణాన అనిపించింది. సిగ్గుపడకుండా ఒప్పుకుంటున్నాను.

తర్వాత సూదాయన. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. లాయరు కోటు ఆయన చేతికిచ్చి చిరుగు ఎక్కడుందో చూపించమన్నాడు. ఆయన వేలు బట్ట మీద పెట్టి, భుజం కుట్టు దగ్గర్నుంచి ఏటవాలుగా కిందికి దించాడు.

"పోగులు సాగి తెగాయండీ," అన్నాడు. నేనెప్పుడూ విననంత గట్టిగా మాట్లాడాడు. "మేకు తగిలితే సాగవు, పుటుక్కున తెగుతాయి. ఇవి సాగాయి. గుప్పిటతో పట్టి లాగితేనే అలా సాగుతాయండీ. లాగినవాడు ముందు నిలబడి లాగాడు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, నాకు తెలుసండీ."

"ఆ సాగిన పోగులేవి?"

"కత్తిరించి తీసేశానండీ. తీస్తేనే కొత్త పోగు కూర్చుంటుంది."

"తీసినవి ఎక్కడున్నాయి?"

"ఊడ్చేశాను."

లాయరు భూతద్దం తీసి కోటుతో సహా జడ్జిగారికి అందించాడు. జడ్జిగారు కిటికీ వైపు తిరిగి చాలాసేపు చూశారు. ఆయన నిజాయతీగానే వెతికారు, ఆ మాట నేనెక్కడైనా చెబుతాను. చివరికి, "నాకేమీ కనిపించడం లేదు" అన్నారు.

ముప్పై ఏళ్ల పనికి అంతకు మించిన మెప్పు ఆయనకి ఎవరూ ఇవ్వలేదు. బోనులో తల వంచుకుని నిలబడ్డాడు. మేనేజరు ఆయన్ని చూసి చిన్నగా తల ఊపాడు, కృతజ్ఞతలు చెప్పినట్టు. నేనైతే వాడి గొంతు పట్టుకునేదాన్ని.

అమ్మాయి అబద్ధమాడిందని నేననడం లేదు, ఋజువు చాలలేదు అని తీర్పు చెప్పారు. మేనేజరుని కంపెనీ ఇంకో ఊరి ఆఫీసుకి పంపింది, కాస్త పెద్ద ఆఫీసుకే. కోటు కాగితపు కవర్లోనే తిరిగిచ్చారు.

బస్సు కోసం ముగ్గురం నిలబడ్డాం. ఎండ మండిపోతోంది. చిన్ని తండ్రి వైపు తిరక్కుండా, రోడ్డు వైపే చూస్తూ అడిగింది.

"చిరుగు చూడగానే నీకు తెలిసిపోయింది కదా నాన్నా, ఎవరో లాగారని?"

"తెలిసింది."

"వచ్చినవాళ్లందరినీ అడుగుతావు, ఎలా చిరిగిందని. నన్నెందుకు అడగలేదు?"

బస్సు వచ్చింది. ఎక్కాం.

ఆ తర్వాత మూడేళ్లు తండ్రీకూతుళ్లు ఒకే ఇంట్లో ఉన్నారు, పోట్లాడుకోలేదు, మాట్లాడుకోనూ లేదు. అన్నం పెట్టానా, ఉప్పు సరిపోయిందా, తలుపేశావా అన్నంత వరకే. చిన్ని ఒక అద్దాల కొట్లో చేరింది. మధ్యాహ్నం పూట ఆయనకి అన్నం డబ్బా తెచ్చిచ్చి వెళ్లేది. సూదాయన పని మానలేదు, మానితే ఇల్లు గడవదు. కానీ బట్ట పరిచి కనిపెట్టండి అనడం మానేశాడు. పని అయిన బట్టని మడతపెట్టి, కళ్లెత్తకుండా చేతికిచ్చేవాడు. ఆ కాగితపు కవరు నాలుగో మేకుకి వేలాడుతూ ఉండేది. తీసి లోపల పెట్టుకో అన్నయ్యా అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

మొన్న వానాకాలంలో ఒకామె వచ్చింది. ముప్పై దాటి ఉండవు. లేతాకుపచ్చ చొక్కా తెచ్చింది, మెడ దగ్గర చిరిగింది. తలుపు గడియకి తగిలిందని, సాయంత్రానికల్లా కావాలని అంది. గోడ ఇవతల నేను జిప్పులు కొలుస్తున్నాను. గిరాకీ వస్తే దీపం మీట టిక్కుమన్న చప్పుడు వస్తుంది. రాలేదు. తల బయటపెట్టి చూశాను. ఆయన చిరుగు మీద వేలు పెట్టి కూర్చున్నాడు.

"ఎవరు లాగారమ్మా?" అన్నాడు.

"గడియండీ."

"సరే. నువ్వు చెప్పకపోయినా పర్లేదు. నేను చెప్పేది విను." చొక్కాని మడత నలగకుండా ఒక కాగితపు కవర్లో పెట్టాడు. "దీన్ని నేను బాగుచేయను. నువ్వూ ఉతకొద్దు, ఎవరి చేతా కుట్టించొద్దు. ఒంటి మీద గుర్తులుంటే వెలుతురులో ఫోటో తీయించుకో. స్టేషన్లో నీ మాటల్లోనే చెప్పు. చదివి వినిపించాకే సంతకం పెట్టు. నకలు తీసుకో, నంబరుందో లేదో చూసుకో. ఆసుపత్రికి ఇవాళే వెళ్లు, రేపటికి రంగు మారిపోతుంది." అంతా అప్పజెప్పినట్టు చెప్పాడు, ఒక్క మాట పొల్లుపోకుండా. తర్వాత గొంతు తగ్గించి, "ఎవరమ్మా? నాతో చెప్పడం ఇష్టమైతే చెప్పు" అన్నాడు.

ఆమె స్టూలు మీద కూర్చుని ఏడ్చింది. ఏం చెప్పిందో నేను వినలేదు, వినకూడదని జిప్పుల పెట్టె చప్పుడు చేశాను. అప్పుడే చూశాను, నా కొట్టు గుమ్మంలో చిన్ని నిలబడి ఉంది, చేతిలో అన్నం డబ్బాతో. ఎంతసేపటి నుంచి ఉందో. చూరు నీళ్లు భుజం మీద పడుతున్నా జరగలేదు.

ఆమె కవరు గుండెలకి అదుముకుని వెళ్లిపోయింది. స్టేషన్కి వెళ్లిందో, ఇంటికే వెళ్లిందో మాకు తెలియదు, మళ్లీ కనిపించలేదు. చిన్ని సందులోకి వంగి లోపలికి వెళ్లింది. డబ్బా బల్ల మీద పెట్టి, ఆ స్టూలు మీదే కూర్చుంది.

"ఇప్పుడు నన్నడుగు నాన్నా" అంది.

అడగడనుకున్నాను. నాలుగో మేకు వైపు చూశాడు, సూదుల సబ్బు వైపు చెయ్యి పోనిచ్చి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"ఎవరు లాగారమ్మా?" అన్నాడు.

చిన్ని ఆ శనివారం పొద్దుట్నుంచి మొదలుపెట్టింది. స్టేషన్లో, ఆసుపత్రిలో, కోర్టులో ఎన్నిసార్లో చెప్పిన సంగతే. ఇంట్లో ఒక్కసారీ చెప్పలేదు. నేను నా తలుపు దగ్గరగా వేసుకున్నాను. వేసేముందు చూశాను, ఆయన రెండు చేతులూ ఒళ్లో ఖాళీగా పెట్టుకుని వింటున్నాడు.